పొయ్యి తలుపును తూకముతో కొనరాదు

వర్జీనియా పొగాకు పండించు మన సంఘ సభ్యులలో పెక్కుమంది ఏటేట బ్యారను పొయ్యి తలుపును గూర్చి యొకటే ఫిర్యాదు చేయుచున్నారు. తలుపు వంగినదనియు, గడియ పట్టుట లేదనియు, సందులలోనుండి మంట కనుపించుచున్నదనియు చెప్పి క్రొత్త తలుపును కొని తెత్తురు. రెండు మూడు సీజనులు గడచునప్పటికి ఆ క్రొత్త తలుపును పాత తలుపు దారినే పట్టును. అంతట మరల కొనుటయో, లేక అంచులకు మట్టి మెత్తి ఆ యేటికి సరిపుచ్చుకొనుటయో జరుగుచున్నది. ఈ వృథావ్యయమునకు కారణము కమ్మరి మోసమని కొందరును, ఇనుము నాసియని కొందరును అనుచున్నారు. ఇవి యొక్కొక్కచోట నిజమే కావచ్చును. కాని అసలు లోపము మన బేరములోనే యున్నదని నా యభిప్రాయము. మనము తలుపును ఇనుమువలె కొనుచున్నామేగాని తలుపువలె కొనుట లేదు. కిలో ధర యెంత, మొత్తము బరువెంత, ఈ రెండు ప్రశ్నలతో బేరము ముగియుచున్నది. పొయ్యి తలుపునకు ముఖ్యముగా వలయు గుణము బరువు కాదు. చట్రముపై నాలుగు వైపులను సమముగా ఆనుటయు, వేడిలో సైతము ఆ యానిక చెడకుండుటయును.

తలుపు కొంచెము సందు విడిచిన నేమగునని యడుగువారు కలరు. పొయ్యి నోరు బ్యారను గోడకు వెలుపలనే యున్నది, పొగ ఆకును తాకదు, కట్టె కొంచెము ఎక్కువ కాలును, అంతియే గదా యని వారి తలంపు. ఇది సరియైన తలంపు కాదు. కట్టెను మండించునది గాలి. లోపలికి పోవు గాలి యెంతయో మంట అంత. బ్యారనులో వేడిని తగ్గించుటకును హెచ్చించుటకును క్యూరరు చేతిలోనున్న సాధనములు రెండే: ఎంత కట్టె వేయుట, ఎంత గాలి విడుచుట. తలుపు సందు విడిచినచో రెండవ సాధనము చేజారినట్లే.

లెక్క చూడుడు. తలుపు 45 సెంటీమీటర్ల వెడల్పును, 40 సెంటీమీటర్ల యెత్తును కలదనుకొందము. చుట్టుకొలత 170 సెంటీమీటర్లు. చుట్టును రెండు మిల్లీమీటర్ల సందున్నచో మొత్తము 34 చదరపు సెంటీమీటర్ల రంధ్రమగును. అనగా ఇంచుమించు ఆరు సెంటీమీటర్ల భుజము గల చదరపు కన్నము తలుపునకు కొట్టి, దానిని రేయింబవళ్లు తెరచియుంచినట్లే. అట్టి కన్నము కొట్టుమనిన ఏ రైతును ఒప్పుకొనడు. సందు సన్నగా చుట్టును పరచుకొని యుండుటచే కంటి కానక మనము సహించుచున్నాము.

దీని ఫలితము ఆకు మీదనే కనుపించును. బ్యారనులో ఆకు కట్టిన తరువాత మొదట పసుపు పండవలెను. ఆ దశలో వేడి 90 మొదలు 100 ఫారన్‌హీటు డిగ్రీల లోపల నిలకడగా నుండవలెను. పిదప రంగు నిలుపుటకు మెల్లమెల్లగా 120 వరకు పెంచి, ఆకు రేకు ఎండిన మీదట, ఈనె ఎండుటకు 160 వరకు తీసికొనిపోవలెను. మొత్తము అయిదారు దినముల పని. మొదటి దశలో సన్నని సెగ కావలసియుండగా, సందుల గాలితో మంట చెలరేగినచో ఆకు పసుపు పండకయే పచ్చిగా బిగిసికొనును. లేదా తడి పోవకముందే వేడి హెచ్చుటచే నల్లబారును. కడపటి దశలో మరియొక చిక్కు గలదు. సందులున్న పొయ్యిలో కట్టె వేగముగా కాలిపోయి, క్యూరరు కునుకు తీసిన గంటలో వేడి పడిపోవును. అప్పుడు ఈనెలోని తడి మరల రేకులోనికి దిగి, ఈనె పొడవున నల్లని చారలు పడును. 1985 నుండి ఆంధ్రదేశమున పొగాకు బోర్డు వేలము కేంద్రములలో ఆకు అమ్ముడగుచున్నది. అచట బేలు విప్పినప్పుడు కొనుగోలుదారు మొదట చూచునది రంగు. పొలములో ఆరునెలలు పడిన శ్రమకు వెల కట్టునది ఆ యయిదారు దినముల సెగయే. ఆ సెగను ఏలునది, నా మాట నమ్ముడు, ఆ యినుప తలుపే.

కట్టె మాట వేరుగ చెప్పనక్కరలేదు. మన సామాన్యపు బ్యారనులలో ఒక కిలో ఎండాకు తయారగుటకు నాలుగైదు కిలోల కట్టె కాలుచున్నది. ఒక దఫాకు 250 కిలోల ఎండాకు దిగుననుకొన్న, టన్నుకు మించిన కట్టె. అందులో పదింట నొకవంతు మిగిలిననుకొనుడు, దఫా కొక క్వింటాలు. సీజనంతయు ఎన్ని దఫాలగునో ఎవరి లెక్క వారు వేసికొనవచ్చును. సరుగుడు, సుబాబులు, జీడిమామిడి కట్టెల ధరలు నే నిచట వ్రాయను; కొనుచున్నవారికి నాకంటె బాగుగ తెలియును.

అయితే తలుపు చెడినదని తోచినంతనే క్రొత్తదానికి పరుగెత్తరాదు. చెడినదని చెప్పబడు తలుపులలో తలుపు నిజముగా చెడినవి అన్నియును కావు. చట్రము వంకర పోయిన చోట్లను, బందులు అరిగి తలుపు క్రిందికి జారిన చోట్లను, నిందపడునది తలుపు. ఇంకొక కారణము చెప్పుటకు కొంచెము కష్టముగ నున్నది గాని చెప్పక తప్పదు: పెక్కు బ్యారనులలో తలుపు చెడలేదు, అసలు మూయబడుటయే లేదు. పొయ్యి లోతుకు మించిన దుంగలను వేసి, సగము లోపల సగము బయట ఉంచి, కాలినకొలది లోనికి త్రోయుట వాడుకగా నున్నది. దుంగ నరకు కూలి మిగులుననుట నిజమే. కాని తలుపు తెరచి కాల్చు పొయ్యికి పదివేల రూపాయల తలుపు పెట్టిననేమి, గోనెపట్టా కట్టిననేమి? అట్టివారు క్రొత్త తలుపు కొనుటకు ముందు ఒక రంపము కొనవలెను. మంట తగులుచుండగా తెరచియున్న తలుపునకు ఒకవైపుననే వేడి సోకి, అది వంగుటయు త్వరపడును.

లోపమెచటనున్నదో తెలిసికొనుట కష్టము కాదు. పొయ్యి చల్లారియున్నప్పుడు కాగితపు ముక్క నొకదానిని తలుపునకును చట్రమునకును నడుమ ఉంచి, గడియ వేసి, లాగి చూడవలెను. ఇట్లు నాలుగు మూలలను, నాలుగు అంచుల నడుమలను, ఎనిమిది తావులలో చూచినచో ఎచట కాగితము బిగిసియున్నదో, ఎచట సులభముగ జారివచ్చుచున్నదో తేలిపోవును. చీకటిపడిన పిమ్మట పొయ్యిలో టార్చిదీపము వెలిగించి యుంచి బయటనుండి చూచినను సందులు గీతలవలె కనుపించును. తరువాత తలుపును బందులనుండి యెత్తి, చదునైన బండపై పరుండబెట్టవలెను. మూలలు తటతటలాడినచో తలుపు వంగినది. కదలక ఆనినచో తప్పు తలుపుది కాదు. అప్పుడు చట్రమును మూలనుండి మూలకు రెండు వైపులను కొలువవలెను. రెండు కొలతలు సమముగ లేనిచో చట్రము వంకరపోయినది. చట్రమును సరిగనేయుండి, గడియవైపు క్రిందిమూల మాత్రము జారియున్నచో, బందు చీల అరిగినది. దానిని మార్చిన చాలును. ఈ పరీక్ష చేయక క్రొత్త తలుపు తెచ్చువాడు, వంకర చట్రముపై నిలువు తలుపును బిగించి, మరల కమ్మరిని తిట్టును.

ఇనుము ఏల వంగునో తెలిసికొన్న, బాగుచేయుట ఎంతవరకు సాధ్యమో తెలియును. వేడి తగిలిన యినుము పెరుగును. 45 సెంటీమీటర్ల ఉక్కు రేకు 400 సెంటీగ్రేడు డిగ్రీల వేడి హెచ్చినచో రెండు మిల్లీమీటర్లకు పైగా పొడవగును. మంటవైపు ముఖము ఎక్కువగను, బయటి ముఖము తక్కువగను పెరుగుటచే రేకు వంగును; చల్లారినను పూర్తిగా పూర్వరూపమునకు రాదు. ఏటేట ఆ శేషము కూడుచుండును. కావున మంట నేరుగ తలుపును నాకకుండ చేయుట మొదటి చికిత్స. తలుపు లోపలివైపున ఒక అంగుళము ఎడముగా మరియొక చిన్న రేకును బోల్టులతో వ్రేలాడదీసినచో, దెబ్బ ఆ రేకు తినును. బోల్టు కన్నములు బోల్టుకంటె పెద్దవిగ నుండవలెను, లేనిచో ఆ రేకు పెరుగునప్పుడు అసలు తలుపునే వంచును. అడ్డురేకు రెండేండ్లకు కాలిపోయినను దానిని మార్చుట స్వల్పవ్యయము. కట్టెను తలుపునకు తాకునట్లు క్రుక్కక, జానెడు లోపలికి పేర్చుట దీనితోపాటు జరుగవలెను.

వంగిన ఉక్కు తలుపును కొలిమిలో కాచి చదును చేయించి, బయటివైపున కోణపు కమ్ములను రెండింటిని అడ్డముగా అతికించినచో చాలకాలము పనికివచ్చును. అతుకు ఏకధారగా పోయించరాదు. అంగుళము అతికి రెండంగుళములు విడువవలెను. లేనిచో ఆ వెల్డింగు వేడికే రేకు మరల వంగును. పోతయినుప తలుపు సంగతి వేరు. అది సులభముగ వంగదు గాని పగులును. పగిలినదానిని సామాన్యపు వెల్డింగు దుకాణమున అతికించినచో అతుకు ప్రక్కనే మరల పగులుట సామాన్యము. అది ముందుగ కాచి, ప్రత్యేకపు కడ్డీతో అతుకవలసిన పని. దానికగు ఖర్చుతో క్రొత్త తలుపు సగము వచ్చును. కాబట్టి పగిలిన పోత తలుపును మార్చుటయే మేలని నా యుద్దేశము. పోత తలుపులు పగులుటకు ముఖ్యకారణము మన కూలివారి అలవాటు: నిప్పు తగ్గించవలసివచ్చినప్పుడు చెంబెడు నీళ్లు పొయ్యి నోటిలో చల్లుదురు. ఎర్రగా కాగిన పోతయినుముపై నీరు పడినచో అది పటుక్కున చీలును. ఆ చీలికకు అమ్మినవానిని బాధ్యుని చేయుట ధర్మము కాదు.

మట్టి మెత్తుటను గూర్చి యొక మాట. తాత్కాలికముగ అది తప్పు కాదు. చట్రమునకును గోడకును నడుమ పడిన సందులను మెత్తుటకు మట్టియే తగినది. సామాన్యపు సిమెంటు పెద్ద సెగకు పిండియై రాలిపోవును. కాని తెరచి మూయు అంచులకు మెత్తిన మట్టి మొదటిమారు తలుపు తెరచినంతనే ఊడును. ఊడునని క్యూరరు తలుపు తెరచుటకు సంకోచించి, ఒకేమారు పొయ్యి నిండుగ కట్టె పేర్చును. అంతట వేడి హద్దు మీరును. ఇది మందు కాదు, రోగమునకు వేసిన ముసుగు.

ఇక క్రొత్త తలుపు విషయము. ఉక్కు రేకా, పోతయినుమా యనుటలో ఏకాభిప్రాయము లేదు. పోత తలుపు సెగకు వంగుట తక్కువ, పొరలుగ రాలుటయు తక్కువ. కాని బరువెక్కువ, దెబ్బకు పగులును, మన యూరిలో బాగుపడదు. ఉక్కు తలుపును మన కమ్మరియే చేయగలడు, మన కమ్మరియే సరిచేయగలడు. గ్రామములోనే మరమ్మతు జరుగు వస్తువు ఎల్లప్పుడును మేలని నా పక్షపాతము. అందుచే ఆరు మిల్లీమీటర్ల రేకుతో, వెనుక కమ్ములతో, లోపల అడ్డురేకుతో చేసిన ఉక్కు తలుపునే నేను కోరుదును. పోత తలుపు కొనదలచినవారిని వద్దనను. కాని అట్టి తలుపును పోయు కర్మాగారము వేరొక తలుపును అదే అచ్చున పోసియిచ్చునో లేదో ముందే విచారించుకొనవలెను. పాత పీపాల రేకులతోను, జస్తాపూత వేసిన రేకులతోను తలుపులు చేయించువారు కలరు. పీపారేకు పలుచన, ఒక సీజనుకే ముడుచుకొనును. జస్తాపూత కాగినప్పుడు వెడలు ధూమము మనుష్యునకు హానికరము. పొయ్యి దగ్గర దానిని వాడనే రాదు.

ఏ యినుముతో చేసినను చూడవలసినవి కొన్ని గలవు. తలుపు కన్నముకంటె పెద్దదై, చుట్టును అంగుళము వంతున చట్రముపై పరచుకొనవలెను. కన్నములో ఇమిడి కూర్చుండు తలుపు వేడికి పెరిగి పట్టుకొనిపోవును. చట్రమును తలుపును ఒకే చేత, ఒకదానిపై నొకటి పెట్టి రాచి చేయబడినవై యుండవలెను. ఒకచోట చట్రమును, మరియొకచోట తలుపును కొనుట వలన మిగులు పైకము మిగులు కాదు. గడియ కేవలము తలుపును నిలుపునదిగాక, దించిన కొలది లోనికి బిగించునట్లు వాలుగా నుండవలెను. పిడి చేయి కాలని రీతిగ కొయ్యతోనో, చుట్టిన కడ్డీతోనో చేయబడవలెను. చేయి కాలునను భయముచే సగము వేసిన గడియలు ఎన్నియో కలవు. అన్నిటికంటె ముఖ్యముగ, గాలికి ప్రత్యేకమైన జారుడు మూత యుండవలెను. తలుపు పూర్తిగా మూసి, ఆ జారుడు మూతతోనే గాలిని దిద్దుకొనవలెనుగాని, తలుపును ఓరగ తెరచి కాదు. పొయ్యికి క్రింద చువ్వల జల్లెడయు బూడిద గుంటయు నున్నచో ఆ గుంట నోటికిని మూత యవసరము. పైతలుపు ఎంత బిగియైనను క్రింద గుంట నోరు తెరచియున్నచో ప్రయోజనము సున్న.

చలిదేశములలో ఇండ్లలో కట్టెల పొయ్యిలు వాడుదురు. వాటి తలుపు అంచులలో గాడి తీసి, అందులో గాజునార త్రాటిని అతికించి, తలుపు మూసినప్పుడు అది నలిగి సందు కప్పునట్లు చేయుదురు. త్రాడు అరిగినప్పుడు తలుపును పారవేయక త్రాటిని మాత్రము మార్చుదురు. ఈ పద్ధతి మంచిదే. కాని మన పొయ్యి నోట రోజంతయు దుంగలు రాచుకొనుచుండుటచే త్రాడు నిలుచుట కష్టము. గాడి యుండి, త్రాడు తలుపు మీదగాక చట్రము మీదగాక దుంగ తగులని తావున ఇమిడినచోనే దానిని పెట్టించవచ్చును. ఒక హెచ్చరిక: పూర్వము ఇట్టి పనికి రాతినార త్రాటిని వాడుచుండిరి. దాని ధూళి ఊపిరితిత్తులలో జేరి ప్రాణాంతకమగు వ్యాధులను కలిగించునని ఇప్పుడు స్పష్టముగ తెలిసియున్నది. పాత త్రాడు రాతినారదని అనుమానమున్నచో పొడిగా గీకరాదు. క్రొత్తది ఎవరు చౌకగ నిచ్చినను పుచ్చుకొనరాదు.

తలుపు బిగి యైన తరువాత ఒక క్రొత్త అపాయము గలదు. దానిని దాచుట న్యాయము కాదు. సందుల పొయ్యికి అలవాటుపడిన క్యూరరు, బిగి తలుపు గల పొయ్యిలో పచ్చికట్టె నిండుగవేసి గాలి మూత పూర్తిగా మూసినచో, కట్టె మండక మ్రగ్గును. లోపల మండుటకు సిద్ధముగ నున్న వాయువు నిండును, గొట్టములలో మసి పట్టును. ఆ సమయమున తలుపును ఒక్కసారిగ తెరచినచో మంట నోటివెంట ముఖముపైకి దూకును. కావున తెరచుటకు ముందు గాలి మూతను కొంచెము తీసి, కొంతసేపు తాళి, ప్రక్కకు నిలిచి, తలుపును మెల్లగ తెరచుట నేర్పవలెను. బ్యారను దగ్గర రాత్రి కాపలా నుండువాడు సామాన్యముగ మన కుటుంబపు పిల్లవాడో, కూలివాడో. వానికి ఈ సంగతి చెప్పకుండ బిగి తలుపును అప్పగించరాదు. అట్లే ఆ మ్రగ్గు పొగ విషము. చలికి ఓర్వలేక పొయ్యి గదిలో అన్ని వైపుల మూసికొని పరుండరాదు.

ఇప్పుడు బేరము సంగతికి వత్తును. కొన్న తలుపు సరిగ లేనిచో మన రైతులు సామాన్యముగ చేయునది యేమి? ముందు బిగించి చూతుము. ఒక దఫా కాల్చుదుము. సరిపడలేదని తెలిసినను సీజను మధ్యలో తగవెందుకని యూరకుందుము. వేసవిలో అమ్మినవాని యొద్దకు పోయి యడిగిన, వాడు కాల్చిన తలుపును చూపి నవ్వును. ఒక సభ్యునకు జరిగినదిదే. పట్టణమునందలి యొక దుకాణమున తలుపు కొనెను, మొదటినాడే మూల వ్రేలు పట్టునంత సందు, నాలుగు నెలల తరువాత అడిగెను, దుకాణదారు చీటీ యేదని యడిగెను, చీటీ లేదు.

చట్టము మనలను అంత నిస్సహాయులుగ విడువలేదు. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము ప్రకారము, కొనువాడు ఏ పనికి వస్తువును కొనుచున్నాడో అమ్మువానికి తెలియజేసి, అట్టి సరకుల వర్తకము చేయువాని నైపుణ్యముపై నమ్మికతో కొన్నచో, ఆ వస్తువు ఆ పనికి పనికిరావలెననుట నోటితో చెప్పకున్నను బేరములో చేరిన షరతు. కావున చీటీ మీద “ఇనుప తలుపు 1” అని వ్రాయించుకొనక, “పొగాకు బ్యారను పొయ్యికి తలుపు, చట్రముతో” అని కొలతలతోసహా వ్రాయించుకొనవలెను. ఈ నాలుగు మాటల విలువ తగవు వచ్చిననాడు తెలియును. కాని అదే చట్టములో మరియొక సంగతియు గలదు. సరకును పుచ్చుకొని, వలదని చెప్పక సమంజసమైన కాలము గడిపినచో, దానిని అంగీకరించినట్లే యెంచబడును. పిదప తిరుగగొట్టుట కుదరదు, నష్టపరిహారము మాత్రమే అడుగవచ్చును. కొనునప్పుడు తానే పరీక్షించినచో, ఆ పరీక్షలో కనబడదగిన లోపములను గూర్చి తరువాత చెప్పుకొనుటకు బలము తగ్గును. అందుచే కాగితపు పరీక్షను దుకాణములోనే, చట్రముతో కూడ, పైకమియ్యకముందే చేయవలెను. ఇంటికి తెచ్చిన తరువాత లోపము తెలిసినచో కాల్చకముందే వ్రాతమూలముగ వలదని తెలుపవలెను. తలుపును మోసికొనిపోయి ఇచ్చుట కూడ వేరే యొడంబడిక లేనిచో మన బాధ్యత కాదు. నిరాకరించితిమని తెలిపిన చాలునని ఆ చట్టమే చెప్పుచున్నది. సొంతముగ సేద్యము చేసికొని జీవించు రైతు తన జీవనోపాధికై కొన్న వస్తువు విషయమున 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము క్రిందను ఫిర్యాదు చేయవచ్చును. గడువు రెండు సంవత్సరములు.

అయినను ఒక్కొక్క రైతు ఒక్కొక్క తలుపునకై వ్యాజ్యమాడుట అయ్యెడు పని కాదని నాకు తెలియును. ఇచటనే సంఘము పని గలదు. ఎరువులును విత్తనములును కలిసి కొనుచున్న మనము, తలుపులను ఏల విడివిడిగ కొనవలెను? సంఘములో తలుపు మార్చదలచినవారు పదిమంది కూడినచో, ముందు ఒక్క తలుపును మన కొలతలతో చేయించవలెను. దానిని ఒక బ్యారనున బిగించి సీజనంతయు కాల్చి చూడవలెను. అది నిలిచినచో, దానితో సమానమైన రెండవ తలుపును మాదిరిగ సంఘము గిడ్డంగిలో నుంచి, మాదిరి ప్రకారము తక్కినవాటిని చేయించవలెను. మాదిరి చూపి కొన్న సరకు మాదిరితో సరిపోవలెననుటయు, సరిచూచుకొనుటకు కొనువానికి తగిన అవకాశ మియ్యవలెననుటయు పైని చెప్పిన 1930వ సంవత్సరపు చట్టములోనే యున్నది. మాదిరి తలుపు మన గిడ్డంగిలో గోడకు జేరవేసియుండగా తగవు నోటిమాటల మీద నడువదు.

దీనికి ఇద్దరు ముగ్గురు సభ్యులు ఆక్షేపణ చెప్పిరి. బ్యారనుల పొయ్యి కన్నములు ఒక్కొక్కరివి ఒక్కొక్క కొలత, ఒకే తలుపు అందరికెట్లు సరిపోవును? సరిపోదు. కాని తలుపు చట్రముతోసహా వచ్చుచున్నది గనుక, పెద్ద కన్నమును తాపీమేస్త్రి అరదినములో ఇటుకలతో కుదించగలడు. చిన్న కన్నమువారికి మాత్రము చిక్కు. వారు ఈ యేర్పాటులో చేరకుండుటయే మేలు. కట్టెతో కాల్చుటయే కొన్నాళ్లలో పోవునని, తలుపునకై ఇంత యాలోచన యేలని మరియొకరు అనిరి. పోవచ్చును. పోవునంతవరకు కాలుచున్న టన్నుల కట్టె మన తోటలదే, మన పైకముదే. పొగాకు మానవలెనా, మానరాదా అనునది వేరొక పెద్ద చర్చ. దానిని నే నిచట ఎత్తుకొనను. ఈ సంవత్సరము నారు పోసినవానికి ఈ సంవత్సరము పొయ్యి కావలెను.

కాలమును గూర్చి మాత్రము పట్టుదలతో చెప్పుచున్నాను. పొగాకు దిగు సమయమున కమ్మరి యొద్దకు పోయినవాడు, ఉన్న తలుపును ఉన్న ధరకు తెచ్చుకొనును. పరీక్షించు తీరికయు, తిరుగగొట్టు తీరికయు వానికుండవు. ఆకు చెట్టుమీద పండుచుండగా వేచియుండుట యెవరి తరము? వేసవిలో చివరి దఫా దిగినవెంటనే, పొయ్యి చల్లారిన మరునాడే, కాగితపు పరీక్ష చేసి, చట్రమును కొలిచి, ఆ కొలతలను సంఘ కార్యదర్శికి వ్రాసియిచ్చినచో, వర్షకాలమంతయు పని చేయించుటకు వ్యవధి చిక్కును. చట్రమును బిగించునప్పుడు దాని చుట్టును కొంచెము సందు విడిచి మట్టితో పూరింపవలెను. ఇనుము పెరుగుటకు చోటు లేనిచో ఇటుకలను నెట్టి గోడనే పగులజీల్చును. గోడలోనికి పోవు లంగరు కమ్ములు జానెడుకంటె తక్కువ యుండరాదు. బిగించిన తరువాత పదునాలుగు దినములైన ఆరనిచ్చి, మొదట సన్నని సెగతో ఒక రోజు కాచి, ఆ మీదటనే ఆకు కట్టవలెను. ఈ యేడు తలుపు మార్చలేనివారు, అడ్డురేకును వ్రేలాడదీసి, దుంగలను పొయ్యి లోతునకు సరిగ నరికించి, బందు చీలలను మార్చుకొన్నచో, పాత తలుపుతోనే సీజను గడుపవచ్చును. వారి కొలతలను కూడ పుస్తకములో వ్రాసికొనుటకు కార్యదర్శి అంగీకరించియున్నాడు.